నల్ల పడవలు

మా బంగళా చూడటానికి వచ్చేవాళ్లలో నూటికి అరవై మంది అడిగే మొదటి ప్రశ్న, పెద్దాయన ఏ మరుగుదొడ్డి వాడేవారని. ముప్పై ఏళ్లుగా ఇక్కడ గైడుగా చేస్తున్నాను. మనుషుల మీద నాకున్న గౌరవంలో సగం ఆ ప్రశ్నే తినేసింది. ఆయన పదహారు నవలలు రాశాడు. ఊరి బయట, పొలాల మధ్య, ఈ రెండంతస్తుల ఇల్లు కట్టుకుని పోయేదాకా ఇక్కడే కూర్చుని రాశాడు. నాలుగు వేల పుస్తకాలున్నాయి, అద్దాల కింద చేతిరాత కాగితాలున్నాయి. వీళ్లకు మాత్రం మరుగుదొడ్డి కావాలి. సరే, చూపిస్తాను. అదీ ఉద్యోగంలో భాగమే.

నేను పట్టుబట్టేది ఒక్క విషయంలోనే. రాత సాక్ష్యం లేకుండా పెద్దాయన గురించి ఒక్క ముక్క చెప్పను. ఉత్తరం ఉండాలి, డైరీ ఉండాలి, ఏదో ఒక కాగితం ఉండాలి. నాతోపాటు పనిచేసిన గైడులు అలా కాదు. ఈ కిటికీ దగ్గర నిలబడి ఆయన ఏడ్చేవాడనీ, ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఇంటికెళ్లేలోగా కవిత్వం వచ్చేస్తుందనీ నోటికొచ్చింది చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాళ్లు. గోరంత దొరికితే కొండంత చేసేవాళ్లు. నేను అందరి ముందే అడిగేవాణ్ని, "సాక్ష్యం ఏదీ?" అని. అలా నా పేరు సాక్ష్యం మాస్టారు అయిపోయింది. వాళ్లు వెక్కిరింతకు పెట్టారు, నేను బిరుదుగా పుచ్చుకున్నాను.

ఇక పడవల సంగతి చెప్పాలి. పెద్దాయన చేతిరాత కాగితాల్లో, మార్జిన్లలో, అక్కడక్కడా పెన్సిలుతో గీసిన చిన్న బొమ్మ ఉంటుంది. ముందు మొన, వెనక చదును, బొటనవేలి గోరంత ఉంటుంది. కొన్ని ఖాళీగా ఉంటాయి. కొన్నిటి లోపల పెన్సిలుతో నల్లగా రుద్ది ఉంటుంది. ఇవి పడవలని ఒక ప్రొఫెసరుగారు తేల్చారు. పెద్దాయనకు దేశాలు తిరగాలన్న తీరని కోరిక ఉండేదట. రాస్తూ రాస్తూ మనసు ప్రయాణం కట్టిన చోటల్లా పడవ గీశాడట. నల్లగా రుద్దినవి చీకట్లో దారి తప్పిన పడవలట. దీని మీద మూడు వందల పేజీల పుస్తకం వచ్చింది. అచ్చులో ఉంది కాబట్టి సాక్ష్యమే అనుకుని నేనూ అదే చెబుతూ వచ్చాను. బంగళాను నడిపే ట్రస్టువాళ్లు ఆ పడవనే తమ గుర్తుగా పెట్టుకున్నారు. టికెట్టు మీద పడవ, గేటు మీద పడవ, అమ్మే కప్పుల మీద పడవ, నా కోటు జేబు మీద కూడా నల్లదారంతో కుట్టిన పడవ. సముద్రం చూడాలంటే ఇక్కడి నుంచి రైల్లో ఒక రోజు ప్రయాణం. పెద్దాయన జన్మలో పడవ ఎక్కినట్టు ఒక్క కాగితం ముక్క లేదు. అది మాత్రం నాకు తట్టలేదు.

మా అమ్మ ఈ బంగళాలోనే ఇరవై ఎనిమిదేళ్లు బట్టలు ఇస్త్రీ చేసింది.

ఈ మాట నేను టూరులో ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే సిగ్గుపడి. వేరే కారణాలు చాలా చెప్పుకున్నాను కానీ, అసలు సంగతి అదే. ఎమ్మే చదివి, కోటు వేసుకుని, పెద్దాయన వాక్యాలు కంఠతా చెప్పే మనిషిని ఇస్త్రీ మనిషి కొడుకుగా జనం చూస్తే నా మాటకు విలువ తగ్గుతుందనుకున్నాను.

చిన్నప్పుడు అమ్మ చెప్పేది, "అయ్యగారు చదువుతుంటే నేను వినేదాన్నిరా" అని. నేను ఎగతాళి చేసేవాణ్ని. "నీకు వినిపించడానికి నువ్వేమన్నా పండితురాలివా?" ఆమె నవ్వేది. "నాకని కాదులే. గోడలో చిన్న తలుపుండేది. అది తెరిచిపెట్టి ఆయన పైకి చదువుకునేవారు. ఇవతల నేను బట్టలు చేసుకుంటూ వినేదాన్ని." తర్వాత నేనే బంగళాలో చేరాను. రాత గది నాలుగు గోడలూ నాకు కంఠతా వచ్చు. గోడలో తలుపు లేదు. అమ్మ ఏదో గొప్పలు చెప్పుకుంటోంది, పోనీలే అనుకున్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

పన్నెండేళ్ల కిందట పెద్దాయన శతజయంతి సభ ఆ రాత గదిలోనే జరిగింది. అమ్మను తీసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. మా ఆవిడ ఊరుకోలేదు. "అక్కడ మీకంటే ముందు పనిచేసింది అత్తయ్య. ఆవిడ రాకుండా మీరు వెళ్తారా?" అంది. అమ్మ తన చీర తనే ఇస్త్రీ చేసుకుని, మడత నలగకుండా రెండో వరసలో కూర్చుంది. అప్పటికి ఆమెకు డెబ్బై రెండేళ్లు. ప్రొఫెసరుగారు తెర మీద ఒక నల్ల పడవను నిలువెత్తున చూపించి, దారి తప్పిన మనసు గురించి మాట్లాడుతున్నారు. అంతలో అమ్మ ఫక్కుమని నవ్వింది. నవ్వి ఊరుకోక లేచి నిలబడింది.

"అది పడవ కాదు బాబూ. నా ఇస్త్రీ పెట్టె."

సభలో నవ్వులు లేచాయి. ప్రొఫెసరుగారు మర్యాదస్తుడు. "మీరెవరమ్మా?" అని అడిగారు.

"నేనిక్కడ బట్టలు చేసేదాన్ని. అయ్యగారు రాసింది చదువుతుంటే, నా పెట్టె చప్పుడు వినేవారు. పెట్టె ఆడుతూ ఉంటే ఏమీ లేదు. వింటూ వింటూ నేను చెయ్యి ఆపేశాననుకోండి, అక్కడ పెన్సిలుతో ఇలా గీసేవారు. మరీ మైమరిచిపోతే దుప్పటి కాలేది. అప్పుడు నల్లగా రుద్దేవారు. ఒకసారి కాగితం నాకు చూపించారు కూడా. ఆ అల్మారా వెనకే తలుపుంది, జరిపి చూడండి."

గదిలో అందరూ అల్మారా వైపు తిరిగారు. అప్పటి డైరెక్టరు మాత్రం నా వైపు తిరిగాడు. "ఎవరావిడ?"

అల్మారా నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఒక చెయ్యి వేసి జరిపితే సరిపోయేది. నేను ఆ పని చేయలేదు. "మా అమ్మండీ," అన్నాను. "వయసైపోయింది. మతి సరిగా ఉండటం లేదు."

ఆ మాట గట్టిగానే అన్నాను, అందరికీ వినబడేలా. అమ్మ మతి ఆ రోజు ఎలా ఉందంటే, చుట్టాలందరి పిల్లల పుట్టినరోజులూ వారాలతో సహా చెప్పగలదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఆమె ప్రతిఘటించలేదు. పక్క తలుపులోంచి గేటు దాకా నడిపించుకొచ్చాను. అక్కడ ఆగి, "నేను చెప్పింది నిజమేరా" అంది.

"సాక్ష్యం ఏదమ్మా?" అన్నాను.

అమ్మ నా కోటు వైపు, జేబు మీది పడవ వైపు కాసేపు చూసింది. "సరేలే. నీకు ఉద్యోగం ఇక్కడ," అంది. అంతే. మళ్లీ బంగళా గడప తొక్కలేదు. ఇస్త్రీ ఊసు నా దగ్గర ఎత్తలేదు. నేను మరచిపోయాననే అనుకున్నాను.

మూడేళ్లుగా అమ్మకు నిజంగానే మతి తప్పుతోంది. పంచదార డబ్బాలో మందుబిళ్లలు దాస్తుంది. మా ఆవిణ్ని ఎరుగుతుంది, నన్ను ఎరగదు. "బాబూ, మీరు భోంచేశారా?" అని మర్యాదగా అడుగుతుంది. నేను సభలో అన్న మాట తొమ్మిదేళ్లు ఆగి నిజమైంది.

ఇక ఈ ఏడాది సంగతి. జనం తగ్గిపోతున్నారని కొత్త డైరెక్టరు ఒక ఆలోచన చేసింది. నా కూతురి ఈడు పిల్ల, అందరం మేడం అంటాం. ఇప్పటిదాకా మూసి ఉంచిన చోట్లన్నీ తెరిచి చూపిద్దాం అంది. అటక, నేలమాళిగ, పనివాళ్లు తిరిగిన వెనక మెట్లు. టూరుకు పేరు కూడా పెట్టింది, 'చూడని మూలలు' అని. ఏ మూల ఏముందో చూసి రాసుకునే పని నాకు పడింది, ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాడికి ఇదొకటే తక్కువన్నట్టు. తోడుగా ఒక వడ్రంగిని ఇచ్చింది.

అటకలో గబ్బిలాలు తప్ప ఏమీ లేవు. నేలమాళిగలో విరిగిన కుర్చీలు. మూడో రోజు వెనక మెట్లెక్కుతుంటే, మలుపులో తక్కువ ఎత్తులో ఉన్న దూలానికి నా తల ఠపీమని కొట్టుకుంది. నేను నుదురు పట్టుకుని కూర్చుంటే, వడ్రంగి పక్కనున్న పలకల గోడను వేళ్లతో తడుతున్నాడు.

"మాస్టారూ, ఈ గోడ డొల్ల."

"సాక్ష్యం ఏమిటి?"

"ఇదిగో," అని పిడికిలితో గుద్దాడు. లోపల ఖాళీగా మోగింది. "ఇంకా కావాలంటే కాగితం మీద రాసిస్తాను."

ట్రస్టు ఈ ఇల్లు తీసుకున్న కొత్తలో, చెమ్మ పట్టిందని వెనక భాగంలో కొన్ని చోట్ల పలకలు కొట్టించారట. వడ్రంగి నాలుగు పలకలు ఊడదీశాడు. లోపల గది ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే నిండిపోయేటంత ఉంది. పైన గాలికి చిన్న కన్నం. గోడ వారగా పొడుగాటి బల్ల. ఇనప స్టాండు మీద తుప్పు పట్టిన బొగ్గుల ఇస్త్రీ పెట్టె. బల్లకు ఎదురుగా, గోడలో, మూరెడు పొడవు, జానెడు వెడల్పు చిన్న చెక్క తలుపు.

గడియ తీసి లాగాను. తలుపు వెనక ఏదో అల్మారా వీపు అడ్డంగా ఉంది. ఆ అల్మారా నాకు తెలుసు. ముప్పై ఏళ్లు నేనే వారానికోసారి దాని దుమ్ము దులిపాను.

వడ్రంగికి ఇవేమీ తెలియవు. బల్ల మీది కంబళి ఎత్తి చూస్తున్నాడు. దాని కింద మెత్తగా ఉండటానికి పాత దుప్పట్లు మడిచి పరిచి ఉన్నాయి. "ఇదేంటి మాస్టారూ, అన్నీ కాలిన దుప్పట్లే," అన్నాడు. ఒక్కొక్కటే విప్పి చూపించాడు. ప్రతి దాని మీదా ఒక గోధుమరంగు మచ్చ. ముందు మొన, వెనక చదును. వాడు మచ్చను చూశాడు, నా జేబును చూశాడు. "మీ కోటు మీద ఉన్నది ఇదే కదా," అన్నాడు, అదేదో మామూలు విషయమైనట్టు.

దుప్పట్లు లెక్కపెడితే తొమ్మిది. నల్ల పడవలు, నాకు తెలిసినంతవరకు, పదిహేను. లెక్క కుదరలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అమ్మ మాట నిజమైందన్న ఆలోచన కంటే ముందు నాకు తట్టింది ఆ లెక్కే. ముప్పై ఏళ్ల అలవాటు అంత తేలిగ్గా వదలదు.

సాయంత్రం ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ కూర తరుగుతోంది, తల ఎత్తలేదు.

"తొమ్మిదేనా? మిగతా ఆరూ ఇంటికొచ్చాయి కదండీ. పెద్దాయన భార్య కంట పడకుండా అత్తయ్య కాలిన మేరకు మాసిక వేసి తెచ్చుకునేది. మీ చిన్నప్పటి పక్కదుప్పటికి నడుమ మాసిక ఎందుకుందనుకున్నారు?"

ఆ మాసిక నాకు గుర్తుంది. చిన్నప్పుడు నిద్రపట్టకపోతే దాని అంచు వెంబడి వేలితో గీసుకుంటూ పోయేవాణ్ని. ఒక పక్క మొన, ఇంకో పక్క చదును. నేను పదేళ్లపాటు సాక్ష్యం మీద పడుకుని నిద్రపోయాను.

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"అత్తయ్య చెప్పింది. సభ నుంచి వచ్చిన రోజే చెప్పింది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది." అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "మీరు నొచ్చుకుంటారట. ఆవిడ నొప్పి సంగతి మీరు అడిగారా? ఇన్నాళ్లకు చెక్క పలకలు ఊడితే నమ్మారు."

ఆవిడ జవాబు కోసం ఆగకుండా ముక్కలు గిన్నెలో వేసుకుని పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

మర్నాడు మేడంకు గది చూపించి, మొత్తం చెప్పాను. సభలో నేనన్న మాటతో సహా చెప్పాను. చెబుతున్నప్పుడు ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. ఆమె దుప్పట్లను ఒక్కొక్కటే బయటికి తెచ్చి కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది.

"నేను నమ్ముతున్నాను మాస్టారూ," అంది. "కానీ కాలిన దుప్పట్లు ఏ ఇస్త్రీ గదిలోనైనా ఉంటాయి. వీటికీ పెద్దాయన గీసిన గుర్తుకీ ముడివేసే మనిషి కావాలి. లేకపోతే రేపు ప్రొఫెసరుగారు అడుగుతారు, సాక్ష్యం ఏదీ అని."

నా మాట నాకే తిరిగొచ్చింది. ఆమె వెటకారంగా అనలేదు, అదింకా కష్టంగా ఉంది.

"మీ అమ్మగారు ఒక్క నాలుగు మాటలు చెబితే చాలు. రికార్డు చేసి ఈ గదిలో ఆవిడ గొంతుతోనే వినిపిద్దాం. గుమ్మం మీద ఆవిడ పేరు రాద్దాం. టికెట్ల మీద బొమ్మ కింద ఏం రాయాలో కూడా అప్పుడే ఆలోచిద్దాం. ఆవిడ చెప్పగలదా?"

"చెబుతుంది," అన్నాను. టూరు మొదలు కావడానికి పది రోజులుంది.

ఆ పది రోజుల్లో తొమ్మిది రోజులు నేను అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఆమె చిన్ననాటి స్నేహితురాలి జడ గురించి చెప్పింది. మా నాన్న కొన్న సైకిలు గురించి చెప్పింది. పొరుగింటి పిల్లికి ఎన్ని పిల్లలో చెప్పింది. నేను మెల్లగా బంగళా మాట తెస్తే మాత్రం పెదవులు బిగించేది. "నాకేం తెలీదు బాబూ. గుర్తులేదు." ఏ పూట అడిగినా అదే. పక్కకు తిరిగి పడుకునేది. తాళం పడిపోయింది అనుకున్నాను. ఆమెకు చెప్పాలనున్న రోజుల్లో నేను చెప్పనివ్వలేదు, ఇప్పుడు చెప్పమని బతిమాలుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అచ్చం అదే.

చివరి రోజు మంగళవారం, బంగళాకు సెలవు. "ఊరికే ఒకసారి తీసుకెళ్లండి," అంది మా ఆవిడ. "మాటలు అడక్కండి. ఆవిడ చేతులకు పని చూపించండి."

కారు ముందు మెట్ల దగ్గర ఆపాను. అమ్మ దిగి, ఆ మెట్ల వైపు కన్నెత్తి చూడకుండా, ఇంటి చుట్టూ తిరిగి వెనక గుమ్మం దగ్గరకు నడిచింది. నేను దారి చూపించలేదు. వెనక మెట్లెక్కింది, పక్క కమ్మీ పట్టుకోకుండా. మలుపులో దూలం దగ్గర, పైకి చూడకుండానే తల వంచింది. ఆమె వెనకే వస్తున్న నా నుదురు మళ్లీ దూలానికి తగిలింది.

గదిని అప్పటికే తుడిపించాం. పెట్టెకు తుప్పు వదిలించాం, నిప్పులు మాత్రం వెయ్యలేదు. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి ఉంది. మేడం ఒక మూల రికార్డరు పట్టుకుని నిలబడింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే అమ్మ దుప్పటి అంచు లాగి సరిచేసింది, అరచేత్తో ఒకసారి రాసింది, పెట్టె అందుకుంది.

నేను రాత గదిలోకి వెళ్లాను. అల్మారా పక్కకు జరిపించేశాం. చిన్న తలుపు తెరిచి ఉంది. కుర్చీ లాక్కుని, ఆయన చివరి నవల తీసి, పైకి చదవడం మొదలుపెట్టాను. అన్నదమ్ములిద్దరు ఇల్లు పంచుకునే అధ్యాయం అది. అవతలి నుంచి పెట్టె చప్పుడు వస్తోంది, బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కు. గిన్నెలు పంచుకున్నారు, చప్పుడు సాగింది. పొలం కొలుచుకున్నారు, సాగింది. వర్ణన ఒకటి వచ్చింది, ప్రొఫెసరుగారికి చాలా ఇష్టమైనది. చప్పుడు ఇంకాస్త వేగం పుంజుకుంది, తొందరగా పని తెముల్చుకునేవాళ్లలాగా. నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా ఇక్కడే కూర్చుని నవ్వుకుని ఉంటాడు, ఆ వర్ణనలో సగం కొట్టేసి ఉంటాడు.

అన్నీ పంచుకున్నాక ఒక నిచ్చెన మిగులుతుంది. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి చేసుకున్నది. నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకుంటారు, చివరికి ఇద్దరూ తీసుకోరు. తలుపులు వేసుకుని ఎవరింట్లో వాళ్లు కూర్చుంటారు. బయట వాన మొదలవుతుంది. నిచ్చెన వాకిట్లో తడుస్తూ ఉంటుంది.

చప్పుడు ఆగింది.

చేతిరాత కాగితంలో, ఆ వాక్యం పక్కనే, పదిహేనింట్లోకీ నల్లటి పడవ ఉంది. దాన్ని నేను కొన్ని వేల మందికి వేలు పెట్టి చూపించాను. అది నా తల్లి చెయ్యి ఆగిన చోటని ఆ రోజుదాకా నాకు తెలియదు. పుస్తకం పక్కన పెట్టి, ఆ చిన్న తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూశాను. అమ్మ పెట్టెను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది, దుప్పటికి తగలకుండా.

"ఎందుకు ఆపావమ్మా?"

ఆమె నన్ను చూసింది. ఇంట్లో రోజూ చూసే చూపే, పరాయి మనిషిని మర్యాదగా చూసే చూపు.

"చెప్పకూడదు బాబూ."

గుర్తులేదని అనలేదు. చెప్పకూడదంది. మేడం కూడా తల ఎత్తింది.

"ఎందుకు చెప్పకూడదు?" అన్నాను.

అమ్మ గొంతు తగ్గించింది. "మా అబ్బాయికి ఇక్కడే ఉద్యోగం. బాగా చదువుకున్నవాడు. ఒకసారి నలుగురిలో, మా అమ్మకు మతి లేదని చెప్పాడు. ఇప్పుడు నేను అన్నీ సరిగ్గా చెప్పాననుకోండి, వాడన్నది అబద్ధమైపోదూ? వాడి మాట పోతుంది. అందుకని ఎవరడిగినా గుర్తులేదంటాను."

పన్నెండేళ్లు. వాటిలో చివరి మూడేళ్లు నా పేరు కూడా ఆమె దగ్గర నిలవలేదు. నా పరువు మాత్రం పట్టుకునే ఉంది. నేను తొమ్మిది రోజులు తాళం అనుకున్నది నేనే వేసిన తాళం.

"మీ అబ్బాయి అబద్ధమే చెప్పాడమ్మా," అన్నాను. "నువ్వంటే సిగ్గుపడి చెప్పాడు. పెద్ద తప్పు చేశాడు."

అమ్మ మొహం మారిపోయింది. పెట్టెను స్టాండు మీద జాగ్రత్తగా నిలబెట్టింది. వంగి, ఆ చిన్న తలుపులోంచి నన్ను సూటిగా చూసింది. నా చిన్నప్పుడు వీధిలో ఎవరైనా నన్ను తిడితే వాళ్లను అలాగే చూసేది.

"మా అబ్బాయిని ఏమీ అనకండి," అంది. "వాడు అలాంటివాడు కాదు. సాక్ష్యం లేనిదే ఒక్క మాట అనడు."

తర్వాత దుప్పటి సరిచేసుకుని, పెట్టె చేతిలోకి తీసుకుని, నేను చదవడం కోసం నిలబడింది. పుస్తకం తెరిచాను కానీ, ఆ రోజు మరి చదవలేకపోయాను.